పెళ్ళిపందిట్లో ఎవరి పాట?

అక్కచెల్లెళ్ళారా, పెళ్ళి కుదరగానే మనం నగలూ చీరలూ చూసుకుంటాం. మేళం మాట చివర్న వస్తుంది, అదీ మగవాళ్ళకే వదిలేస్తాం.

మా నరసన్నపేట వైపు ఒకప్పుడు పెళ్ళంటే సన్నాయి, డోలు, వాటికి తోడు ఆడవాళ్ళ నోటి పాట. నలుగుకొకటి, తలంబ్రాలకొకటి, బంతులాటకొకటి, అప్పగింతలకొకటి. తాళి కట్టేవేళ గట్టిమేళం ఎందుకంటారు? ఎవరు తుమ్మినా, ఏడ్చినా చెవిని పడకూడదని. మిగతా వేళంతా సన్నాయి తగ్గితే మన పాట వినపడేది.

విజయనగరంలో 1919లో సంగీత కళాశాల వెలిసింది, ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులు. పెళ్ళిపాటలకు మాత్రం పెరడూ వంటిల్లే బడి.

తర్వాత మైకుసెట్లు వచ్చాయి. 1961లో 'సీతారామ కళ్యాణం' సినిమా వచ్చింది. గాలి పెంచల నరసింహారావుగారు బాణీ కట్టిన అందులోని కళ్యాణం పాట ప్రతి పందిట్లోనూ మోగింది. నాకూ ఇష్టమే, అబద్ధమెందుకు! వింటూ వింటూ పాడటం మానేశాం, అంతే. ఇప్పుడు డీజే బాక్సులు. రాత్రి 10 దాటాక ఆరుబయట లౌడుస్పీకర్లు కూడదని 2000లోనే కేంద్రం నిబంధనలు పెట్టింది, ఎవరు వింటున్నారు?

రిసెప్షనుకు సినిమాపాటలు పెట్టుకోండి, కాదనను. తంతు వేళ మాత్రం సన్నాయి ఉండనివ్వండి.

మా మేనకోడలి అప్పగింతలప్పుడు మైకు కట్టేయించాం. పాట ఎత్తుకున్నాం గానీ రెండో చరణం ఎవరికీ రాలేదు. మా పెద్దత్త ఒక్కర్తే, వణికే గొంతుతో, పిల్ల కారెక్కేదాకా పాడింది. ఆ రాత్రే కూచుని నోటుబుక్కులో రాసుకున్నాం.