మునసబు సంతకం నుంచి పోలీసు విచారణ దాకా

మన హౌగాంగ్ తెలుగు కుటుంబాల్లో ఎవరో ఒకరు ఆస్ట్రేలియాకో కెనడాకో మారే ప్రయత్నంలో ఉంటూనే ఉంటారు. భారత పౌరులైతే అప్పుడు మన హైకమిషన్ ద్వారా పోలీసు క్లియరెన్సు సర్టిఫికెట్టు తెచ్చుకోవాలి. "ఇన్నేళ్ళు బుద్ధిగా ఉద్యోగం చేసుకుంటుంటే, ఇప్పుడు మన నడవడి మీద విచారణ ఏమిటండీ!" అని ఒక మిత్రుడు మొన్న విసుక్కున్నారు. ఆ విచారణకు పాత చరిత్రే ఉంది.

మలయా రబ్బరు తోటలకు కూలీలను కూడగట్టే కంగాణీ, ప్రతి మనిషినీ ముందు ఆ ఊరి మునసబుకు చూపించవలసి ఉండేది. ఆయన అభ్యంతరం లేదంటేనే ప్రయాణం. ఆసామికి బాకీపడ్డ పాలేరుకు ఆ మాట ఎంత సులువుగా దొరికి ఉంటుందో మీరే ఊహించుకోండి. అది దాటినవాళ్ళు మద్రాసు దగ్గర ఆవడి శిబిరంలో ఆగి ఓడ ఎక్కేవారు. 1922లో వలస చట్టం వచ్చింది. 1938లో మలయాకు కూలీలను పంపడం ప్రభుత్వం ఆపేసింది.

చదువుకున్నవాళ్ళకు కావలసింది పాస్‌పోర్టు. చిత్రమేమిటంటే, స్వతంత్రం వచ్చిన ఇరవై ఏళ్ళ దాకా దాన్ని ఎవరికి ఇవ్వాలో, ఎవరికి నిరాకరించవచ్చో చెప్పే చట్టమే లేదు. 1920 నాటి చట్టం దేశంలోకి వచ్చేవాళ్ళ గురించే. అయినా పాస్‌పోర్టు లేనిదే ఓడవాళ్ళూ విమానంవాళ్ళూ ఎక్కించుకోరు. అంటే అంతా అధికారుల దయ.

ఆ దయను ప్రశ్నించినవాడు సత్వంత్ సింగ్ సాహ్నీ అనే వ్యాపారి. పాస్‌పోర్టులు తిరిగి ఇచ్చెయ్యమన్నారని సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. 1967 ఏప్రిల్ 10న తీర్పు వచ్చింది: విదేశానికి వెళ్ళడం 21వ అధికరణం చెప్పే వ్యక్తి స్వేచ్ఛలో భాగం, చట్టం లేకుండా దాన్ని ఆపడానికి వీల్లేదు. అయిదుగురిలో ముగ్గురు ఒకవైపు, ఇద్దరు మరోవైపు. ఆ ముగ్గురికీ పెద్ద, ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు, మన రాజమండ్రివారు. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తి కూడా ఆయనే. రాష్ట్రపతి పదవికి పోటీ చెయ్యడానికి మర్నాడే రాజీనామా చేశారు. ఎన్నికలో జాకిర్ హుస్సేన్‌గారు గెలిచారు. ఆ ఎన్నిక గుర్తున్న పెద్దలకు కూడా ఈ తీర్పు గుర్తుండదు!

వెంటనే ఆర్డినెన్సు, జూన్‌లో పాస్‌పోర్టుల చట్టం వచ్చాయి. నిరాకరించడానికి కారణాలు అందులో రాసిపెట్టారు: గత అయిదేళ్ళలో నైతిక పతనం కిందికి వచ్చే నేరానికి రెండేళ్ళకు తక్కువ కాని శిక్ష పడడం, కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తూండడం వగైరా. కాదన్న కారణం కాగితం మీద పెట్టాలి, అప్పీలు ఉంటుంది. పోలీసు విచారణ మాత్రం పోలేదు, నిబంధనల కిందికి వచ్చింది, అంతే.

కూలీవాడి దారి వేరుగానే మిగిలింది. 1983లో మరో వలస చట్టం వచ్చింది. పదో తరగతి తప్పినవాడు కొన్ని దేశాలకు పనికి వెళ్ళాలంటే వలసదారుల సంరక్షకాధికారి అనుమతి కావాలి. మోసపోకుండా కాపాడడానికే అంటారు, నిజం కూడా. ఆ దేశాల జాబితాలో సింగపూరు లేదు, మలేషియా ఉంది. పదో తరగతి తప్పిన మనవాడు పనికోసం ఇక్కడికి ఆ అనుమతి లేకుండానే రావచ్చు. వంతెనకు అవతల, జొహోరులో పని దొరికితే మాత్రం దానికోసం ఆ ఆఫీసు మెట్లెక్కాలి.