గర్భాశయపు కంతులు - సంతానము

“గర్భసంచిలో గడ్డ ఉన్నది” అని వినగానే ఇక బిడ్డలు కలుగరని పలువురు స్త్రీలు నిరాశ చెందుదురు. ఈ భయము ఎంతవరకు నిజము? వైద్యచరిత్ర దీనికి సమాధానము చెప్పగలదు.

గర్భాశయపు గోడ కండరముతో ఏర్పడినది. ఆ కండరమునందలి కణములు కొన్ని మితిమీరి పెరిగి గట్టి కంతులగును. వీనినే ఫైబ్రాయిడ్లు అందురు. 1793లో లండను వైద్యుడు మాత్యూ బెయిలీ శవపరీక్షలో కనిపించిన ఇట్టి కంతులను వర్ణించెను. అవి కండర కణములతో కూడినవని 1854లో జర్మను శాస్త్రజ్ఞుడు విర్కో చూపెను. ఇవి సాధారణముగా క్యాన్సరు కావు. అండాశయములు స్రవించు హార్మోనుల వలన పెరిగి, ముట్లుడిగిన పిదప చాలవరకు కుంచించుకొనిపోవును.

అమెరికాలో అట్లీ సోదరులు 1844లోనే ఉదరము కోసి, గర్భాశయమును నిలిపి, కంతిని మాత్రము తీసిరి. అయినను రక్తస్రావమునకు వెరచి వైద్యులు పెక్కుమంది గర్భాశయమునే తొలగించుచుండిరి. లండను శస్త్రవైద్యుడు విక్టర్ బానీ భార్య కంతి కారణముగా చిన్నవయసుననే గర్భాశయమును కోల్పోయెను. ఆ దంపతులకు సంతానము లేదు. బానీ రక్తస్రావమును అదుపుచేయు పట్టుకారును రూపొందించి, కంతులను మాత్రమే తీయు పద్ధతిని వృద్ధిచేసెను. దీనిపై ఆయన గ్రంథము 1946లో వెలువడినది. 1958లో గ్లాస్గోలో ఇయాన్ డోనాల్డ్ ప్రకటించిన అతిధ్వని పరీక్ష వలన కోత లేకుండగనే కంతి ఉన్న చోటును చూచుట సాధ్యమైనది.

చోటు తెలియుట ముఖ్యము. గర్భాశయపు వెలుపలి వైపు పెరిగిన కంతి గర్భధారణకు సాధారణముగా అడ్డురాదు. లోపలి కుహరములోనికి పొడుచుకొని వచ్చినది చిన్నదైనను పిండము అంటుకొనుటను చెరచవచ్చును, గర్భస్రావమునకును దారితీయవచ్చును. అండవాహిక ద్వారమును నొక్కు కంతి దారిని మూయవచ్చును. గోడ మధ్యనున్న వాని ప్రభావము పరిమాణమును బట్టి మారును. కంతులున్నను సుఖముగా ప్రసవించిన తల్లులు ఎందరో కలరు. కనుక సంతానము కలుగనపుడు నేరము కంతిపై మోపుటకు ముందు ఇతర కారణములను వెదకవలెను. భర్తకును పరీక్ష అవసరము.

ఈ చరిత్ర మనకు దూరమైనది కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏండ్ల స్త్రీలలో గర్భాశయము తీయించుకొన్నవారు దేశమున నూటికి సుమారు 3; ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9. ఆ శస్త్రచికిత్సలన్నియు కంతుల వలన జరిగినవి కావు. అయినను ఈ అంతరము ఆలోచింపదగినది.

పరవాడ నేడు, 2022లో ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో ఉన్నది. 1923లో వైద్య కళాశాల వెలసిన విశాఖపట్టణము దానికి చేరువ. అక్కడి యువతికి కంతి ఉన్నదని తెలిసినపుడు అడుగవలసిన ప్రశ్నలు మూడు: కంతి ఎక్కడ ఉన్నది? ఎంత ఉన్నది? దానిని మాత్రమే తీయవచ్చునా? ఒకసారి తీసివేసిన గర్భాశయము తిరిగి రాదు. కావున ఈ ప్రశ్నలు శస్త్రచికిత్సకు ముందే అడుగవలెను.