కాటుకరేకుల పొడ

పెంపుడు పాము గూడు తప్పించుకుని అదే ఇంట్లో బీరువా వెనుక దొరికిందన్న వార్త విదేశాలనుండి వచ్చినప్పుడల్లా, అది ఏ పామో ఆ ఇంటివారికి ముందే తెలుసు కదా అనుకుంటాను. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం స్వదేశీ పాములను పెంచుకోనివ్వదు. సింహాచలం కొండవాలు ఇళ్ళలోనైనా, ఉక్కునగరం క్వార్టర్లలోనైనా కనబడేది ఎలుకల జాడను పట్టి వచ్చిన పామే. చూసినవారి మొదటి ప్రశ్న: ఇది విషసర్పమా, కాదా?

ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి పూనుకున్నవాడొకడు మన విశాఖపట్టణంలోనే ఉండేవాడు. ప్యాట్రిక్ రస్సెల్ స్కాట్లండు వైద్యుడు. అంతకుముందు అలెప్పోలో వైద్యం చేశాడు. 1781లో, ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి అయిన సోదరుడు క్లాడ్‌తో ఇక్కడికి వచ్చాడు. 1785లో కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడయ్యాడు. పాముకాటు మరణాలు చూసిన ఆ వైద్యుని తపన ఒక్కటే: విషసర్పాన్ని సామాన్యుడు గుర్తుపట్టే మార్గం కావాలి. పాములను సేకరించాడు, బొమ్మలు గీయించాడు, విషాన్ని కోళ్ళమీద, కుక్కలమీద పరీక్షించాడు. కోరమండల్ తీరపు పాములపై ఆయన గ్రంథం 1796లో లండన్‌లో వెలువడింది.

నన్ను ఆకర్షించేది అందులోని తెలుగు. స్థానికులు చెప్పిన పేర్లనే ఆయన ఇంగ్లీషు లిపిలో రాసుకున్నాడు. నల్లని అంచుల మచ్చలున్న రక్తపింజర అక్కడ 'కాటుకరేకుల పొడ'. 1797లో శాస్త్రజ్ఞులు దానికి రస్సెల్ పేరే పెట్టారు. పసుపు, నలుపు పట్టీల 'బంగారు పాము' పేరునుండి 1803లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దోదాఁ 'బంగారస్' అన్న ప్రజాతి నామం కల్పించాడు. మన కట్లపాము ఆ ప్రజాతిలోనిదే.

ఇంత చక్కని పేర్లున్న భాషలోనే, రాత్రివేళ పాము పేరెత్తకూడదని మా అమ్మమ్మ 'పురుగు' అనేది. కరిస్తే 'పురుగు ముట్టింది'. భయం పేరును దాచింది. ఆ పేర్లను రస్సెల్ అడిగి రాసుకోవడం వల్లనే అవి శాస్త్రానికి అందాయి.

అయితే రస్సెల్ ప్రశ్న కాటు తిన్నవానికి నేడు అంత అవసరం కాదు. కట్లపాము కాటుకు నొప్పి, గుర్తు రెండూ ఉండకపోవచ్చు, నిద్రలోనే కరచిపోతుంది. మన ఆస్పత్రులలోని విరుగుడు మందు తాచు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర – నాలుగింటికీ కలిపి తయారైనది. కనుక పామును వెదకి, చంపి, వెంట తీసుకుపోనక్కరలేదు. మంత్రగాని గుమ్మం తొక్కక, కరచిన కాలో చెయ్యో కదలనీయక, తిన్నగా ఆస్పత్రికి చేర్చాలి. పేరు తరువాత తెలుసుకోవచ్చు.