బందరు పడవలు, లింకర్ కాపలా

బందరులో తీరం దగ్గర లోతు చాలక పెద్ద ఓడలు దూరంగానే లంగరేసేవి. సరుకు ఒడ్డెక్కాలంటే చిన్న పడవలే దిక్కు. 1611లో వచ్చిన ఇంగ్లిషు ఈస్టిండియా కంపెనీకీ అదే దారి. కంప్యూటర్‌లో డైనమిక్ లింకర్‌దీ ఆ పడవల పనే: ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడు దానికి కావలసిన లైబ్రరీలను మెమరీలోకి చేరుస్తుంది. 1960ల్లో మల్టిక్స్‌లో ఉన్న ఈ పద్ధతి 1988లో సన్‌ఓఎస్ 4.0తో యూనిక్స్‌లో నిలదొక్కుకుంది. లైబ్రరీలను పంచుకుని మెమరీ పొదుపు చేయడానికి పెట్టిన ఈ పడవవాణ్ని కాపలాదారుగా నమ్మకూడదంటాను. లైనక్స్‌లో డిస్కును 'నోఎగ్జెక్' (దానిమీది ప్రోగ్రాములు నడపకూడదు) అని మౌంట్ చేసినా, లింకర్‌నే నేరుగా పిలిచి ఫైలు అందిస్తే ప్రోగ్రాం నడిచేది; 2.4.25, 2.6.0 కెర్నళ్లతోనే ఆ దొడ్డిదారి మూతపడింది. ఎల్‌డీ ప్రీలోడ్ అనే సూచనతో మన లైబ్రరీని ముందే ఎక్కించి, ప్రోగ్రాం చేయకూడని పనులను ఆపొచ్చు కదా అంటారు. అయితే లైబ్రరీలను ముందే తనలో కలుపుకుని స్టాటిక్‌గా లింకైన ప్రోగ్రాం అసలు ఆ పడవే ఎక్కదు. ఫైలు యజమాని హక్కులతో నడిచే సెట్‌యూఐడీ ప్రోగ్రాముల దగ్గరైతే లింకరే ఆ సూచనను చాలావరకు పక్కన పెడుతుంది.