కంపెనీ నడిపిన కాలేజీ: ఫ్లింట్‌లో కార్ల చదువు

కాలేజీలో నేర్పేదొకటి, ఉద్యోగంలో పనికొచ్చేది ఇంకొకటి. మన సాఫ్ట్‌వేర్ జనాలు ఎక్కడ నలుగురు కలిసినా వినిపించే మాటే ఇది. నాలుగేళ్ళు చదివాక కంపెనీలో చేరితే మళ్ళీ మూణ్ణెల్లో ఆర్నెల్లో ట్రైనింగు. ఇంత గొడవెందుకు, ఆ కాలేజీ ఏదో కంపెనీ వాళ్ళే నడిపేస్తే పోలా అని ఎవరో ఒకరు అంటారు కూడా.

నడిపారండీ. అమెరికాలో జనరల్ మోటార్స్ వాళ్ళు 56 ఏళ్ళపాటు నడిపారు. మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్‌కి ఓ గంట దూరంలో ఉన్న ఫ్లింట్ అనే ఊళ్ళో. ఆ కాలేజీ కథ వింటే మనం అడిగే ప్రశ్న కాస్త మారిపోతుందని నా అనుమానం.

ఫ్లింట్ మొదట్లో గుర్రబ్బగ్గీలకి పేరుపడ్డ ఊరు. అక్కడ బగ్గీల వ్యాపారం చేసిన విలియం డ్యూరాంట్ 1904లో బ్యూక్ కార్ల కంపెనీని చేతిలోకి తీసుకున్నాడు, 1908లో జనరల్ మోటార్స్ స్థాపించాడు. ఊరికి ఫ్యాక్టరీలొచ్చాయి, వాటికోసం పల్లెల నుంచి జనం వచ్చారు. మరి ఈ కొత్త యంత్రాల మీద పని ఎవరికొచ్చు? కారన్నదే కొత్త వస్తువు, దానికి చదువెక్కడిది! అందుకని 1919లో ఆల్బర్ట్ సోబీ అనే ఆయన నాయకత్వంలో ఫ్లింట్‌లో ఒక బడి మొదలైంది. పేరు స్కూల్ ఆఫ్ ఆటోమొబైల్ ట్రేడ్స్. అది ఫ్యాక్టరీ పనివాళ్ళ కోసం పెట్టిన బడి. 1926లో జనరల్ మోటార్స్ దాన్ని తీసేసుకుంది, తర్వాత దానికి జనరల్ మోటార్స్ ఇన్‌స్టిట్యూట్ అనే పేరొచ్చింది. జనం జీఎంఐ అనేవారు.

ఇక్కడి చదువు పద్ధతి గమ్మత్తైనది. కొన్ని వారాలు క్లాసు, కొన్ని వారాలు ఫ్యాక్టరీ. ఒక బ్యాచి క్లాసులో ఉన్నప్పుడు ఇంకో బ్యాచి ప్లాంట్లో ఉంటుంది, తర్వాత అటువాళ్ళు ఇటు, ఇటువాళ్ళు అటు. ఈ ఆలోచన జీఎం వాళ్ళది కాదు. 1906లో సిన్సినాటి యూనివర్సిటీలో హెర్మన్ ష్నైడర్ అనే ప్రొఫెసర్ 27 మంది విద్యార్థులతో మొదలుపెట్టిన కో-ఆప్ చదువు ఇది. జీఎం దాన్ని తనకి కావలసినట్టు మలుచుకుంది. బ్యూక్, షెవర్లే లాంటి ఏదో ఒక విభాగం స్పాన్సర్ చేస్తేనే సీటు. ప్లాంట్లో ఉన్న వారాలకి జీతం. ఆ జీతంతోనే ఫీజు. 1945లో ఐదో ఏడాది చేర్చి, థీసిస్ పెట్టి డిగ్రీలివ్వడం మొదలెట్టారు. థీసిస్ కూడా స్పాన్సర్ చేసిన ప్లాంట్లో ఉన్న అసలు సమస్య మీదే.

ఇందులో మంచి చాలా ఉందని ఒప్పుకోవాలి. మేరీ బారా సంగతే చూడండి. తండ్రి పాంటియాక్ ప్లాంట్లో 39 ఏళ్ళు డై మేకర్‌గా చేశాడు. ఈవిడ 1980లో, 18 ఏళ్ళ వయసులో, జీఎంఐ విద్యార్థినిగా అదే పాంటియాక్‌లో మడ్‌గార్డులూ బానెట్లూ తనిఖీ చేసే పనిలో చేరింది. 1985లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ డిగ్రీ తీసుకుంది. 2014 జనవరిలో జనరల్ మోటార్స్ సీఈఓ అయింది. పనివాడి కూతురు కంపెనీ పీఠమెక్కడానికి ఆ కాలేజీ మెట్టయింది. మామూలు యూనివర్సిటీల్లో ఫీజు కట్టలేని పిల్లలకి ఇదెంత పెద్ద దారో వేరే చెప్పక్కర్లేదు.

అయితే ఆవిడ చదువు మధ్యలో ఉండగానే ఒకటి జరిగింది. రెండు చమురు సంక్షోభాలు, చిన్న కార్లతో జపాన్ వాళ్ళు మీదపడటం, వీటన్నిటితో 1980లో జీఎంకి నష్టమొచ్చింది. 1921 తర్వాత ఏడాది లెక్కల్లో నష్టం చూడటం అదే మొదలు. 1982లో కంపెనీ కాలేజీని వదిలించుకుంది. ఇక మీ బతుకు మీరు బతకండి అన్నమాట. మన వాళ్ళకి ఆసక్తి కలిగించే విషయమేంటంటే, రెండేళ్ళు తిరక్కుండానే, 1984లో, అదే జీఎం 250 కోట్ల డాలర్లు పెట్టి రాస్ పెరో దగ్గర ఈడీఎస్ అనే ఐటీ కంపెనీని కొంది. 1996లో దాన్నీ వదిలించుకుంది. కంపెనీల ప్రేమలు ఇలాగే ఉంటాయి మరి.

కాలేజీ మాత్రం చావలేదు. కో-ఆప్ పద్ధతిని ఉంచుకుని, యజమాని లేకుండా బతకడం నేర్చుకుంది. విద్యార్థుల్ని వేరే వేరే కంపెనీలకి పంపడం మొదలెట్టింది. 1998లో కెటరింగ్ యూనివర్సిటీ అని పేరు మార్చుకుంది.

ఆ పేరు దగ్గర కాస్త ఆగాలి. చార్లెస్ కెటరింగ్ అంటే కారుకి సెల్ఫ్ స్టార్టర్ ఇచ్చినాయన. 1912 క్యాడిలాక్‌తో అది జనంలోకొచ్చింది. చేత్తో హ్యాండిల్ తిప్పి చేతులు విరగ్గొట్టుకునే బాధ తప్పింది. ఇంజన్ కొట్టుకోకుండా ఉండటానికి పెట్రోల్లో సీసం కలిపే పద్ధతిని 1921లో కనిపెట్టిందీ ఆయన కింద పనిచేసిన థామస్ మిడ్జ్‌లీయే. సీసం విషమని అప్పటికే తెలుసు. 1924లో ఆ సీసం రసాయనం తయారుచేసే చోట్ల పనివాళ్ళు చనిపోయారు కూడా. అయినా అమెరికా రోడ్ల మీద తిరిగే బళ్ళకి దాన్ని పూర్తిగా ఆపేసరికి 1996 అయింది. ఇంజన్ సమస్య తీర్చడం ఆ ల్యాబుకి బాగా వచ్చు. ఆ పొగ పీల్చే పిల్లాడి సంగతి ఆలోచించడం ఎవరి డ్యూటీ? ఎవరి డ్యూటీ కాదు.

ఇలాంటిదే ఇంకోటి. మేరీ బారా సీఈఓ అయిన కొన్ని వారాలకే ఇగ్నిషన్ స్విచ్ వ్యవహారం బయటపడింది. నడుస్తున్న కారులో తాళంచెవి దానంతటది జారిపోయేది. ఇంజన్ ఆగిపోయేది, పవర్ స్టీరింగ్ పోయేది, గుద్దుకుంటే ఎయిర్‌బ్యాగులు విచ్చుకునేవి కావు. సుమారు 26 లక్షల కార్లు వెనక్కి పిలిచారు. ఆ లోపం వల్ల పోయినవిగా నష్టపరిహార నిధి ఒప్పుకున్న ప్రాణాలు 124. ఇందులో మనకి బాగా అర్థమయ్యే ముక్క ఒకటుంది. ఆ స్విచ్‌ని మధ్యలో సరిచేశారు, కానీ పార్ట్ నంబర్ మార్చలేదు. అంటే ప్రొడక్షన్లో కోడ్ మార్చేసి వెర్షన్ నంబర్ పాతదే ఉంచడం. కొన్ని కార్లే ఎందుకిలా చేస్తున్నాయో వెతికేవాళ్ళకి ఏళ్ళ తరబడి అంతుపట్టలేదు. తర్వాతొచ్చిన విచారణ నివేదిక ఆ కంపెనీలో ఒక అలవాటు గురించి రాసింది. దాని పేరు 'జీఎం నాడ్'. మీటింగులో అందరూ సరేనని తలూపుతారు, బయటికొచ్చాక ఎవరూ ఏమీ చెయ్యరు. మనకి తెలియని తలూపుడేం కాదు లెండి.

దీనికి కాలేజీని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆ స్విచ్ రోజులకి కాలేజీ కంపెనీది కానే కాదు. నేననేది ఏంటంటే, కంపెనీ పని నేర్పినంత బాగా కాలేజీ నేర్పలేకపోవచ్చు. కానీ ఇది తప్పు, నేను సంతకం పెట్టను అనడం కంపెనీ ఎందుకు నేర్పుతుంది? సీటూ జీతమూ థీసిస్ అంశమూ ఒకే చేతిలోంచి వస్తుంటే, పద్దెనిమిదేళ్ళ కుర్రాడు ఆ చేతిని ఏం ప్రశ్నిస్తాడు? యజమాని పోయాక కాలేజీకి డబ్బు తగ్గి ఉండొచ్చు. కానీ పది కంపెనీలు చూసొచ్చిన పిల్లలు ఒకే క్లాసులో కూర్చోవడం మొదలైంది. మా దగ్గర ఇలా చెయ్యరే అనేవాడు పక్కబెంచీలో ఉంటే, ఆ చదువే వేరు.

ఫ్లింట్‌లో 1960లో దాదాపు 1,97,000 మంది ఉండేవారు, 2020 నాటికి 81,000 మంది మిగిలారు. యూనివర్సిటీ పక్కనే నది ఒడ్డున ఉన్న షెవర్లే ఫ్యాక్టరీలు నేలమట్టమయ్యాయి. కంపెనీ వద్దనుకున్న కాలేజీ ఇంకా నడుస్తోంది.

కాబట్టి, సిలబస్ మొత్తం ఇండస్ట్రీకి అప్పగించెయ్యాలని ఈసారెవరైనా అంటే, సగం వరకే ఒప్పుకుందాం. పని అక్కడే నేర్చుకోవాలి, నిజమే. మిగతా సగం మాత్రం మనకి జీతమివ్వని చోట నేర్చుకోవాలి. మీరు చేసిన ట్రైనింగుల్లో 'వద్దు' అనడం ఎలాగో ఎక్కడైనా చెప్పారా? చెప్పి ఉంటే ఆ కంపెనీ పేరేంటో నాకూ చెప్పండి.