గణితజ్ఞుఁడైన బిషప్పు కొలెన్సో

జాన్ విలియం కొలెన్సో 1814వ సంవత్సరమున కారన్‌వాల్ సీమలోని సెయింట్ ఆస్టెల్ అను నూర జన్మించెను. చదువునకుఁ దగిన ధనము లేమిచే నొక పాఠశాలలో నుపాధ్యాయునకు సహాయుఁడై యుండి, పిమ్మటఁ గేంబ్రిడ్జి చేరి, 1836లో గణితపరీక్షయందు ద్వితీయస్థానము నందెను. హారో పాఠశాలలో గణితము బోధించు కాలమున నగ్నిప్రమాదము వలన ఋణగ్రస్తుఁడయ్యెను. ఆ ఋణమును దీర్చినవి యాతఁడు రచించిన యంకగణిత బీజగణిత గ్రంథములే. అవి యాంగ్ల పాఠశాలలలోఁ జిరకాలము పఠింపఁబడెను.

1853లో దక్షిణాఫ్రికాలోని నేటాలునకు బిషప్పుగా నియుక్తుఁడై, జూలూ భాష నేర్చి, దానికి వ్యాకరణమును నిఘంటువును గూర్చెను. బైబిలు ననువదించునపుడు సహాయకుఁడైన విలియం ఎన్గిడి యను జూలూ పురుషుఁడు, జలప్రళయకథ చదివి, యీ జంతువులన్నియు నిజముగా నొక్క యోడలోఁ జేరెనా యని యడిగెను. భూగర్భశాస్త్రము నెఱిఁగిన గురువు అవునని చెప్పలేకపోయెను. అతని జీవితమును మార్పించిన ప్రశ్న యిదియే.

1862లో బైబిలు ప్రథమపంచకాండములపై విమర్శగ్రంథపు మొదటి సంపుటము వెలువడెను. సంఖ్యాకాండమున యుద్ధయోగ్యులైన పురుషులు 6,03,550. మగవారిలోఁ దొలిచూలివారు 22,273. ఆ పురుషులను మాత్రమే భాగించినను ఒక్కొక్క తొలిచూలికి నిరువదియేడ్గురు వత్తురు. బాలురను జేర్చినచో నొక్కొక్క తల్లికి నలువదిమందికిఁ బైగాఁ గుమారులుండవలెను. ఇట్టి లెక్కలు గ్రంథమున మెండు. జర్మను పండితులు శైలీభేదములను బట్టి సూక్ష్మముగాఁ జేసిన పరిశోధనముతోఁ బోల్చిన నిది మోటు పద్ధతియే. మాథ్యూ ఆర్నాల్డు దీనిని బరిహసించెను. అయినను బడిపిల్లలకు సైతము బోధపడుటయే దాని బలము, ప్రతిపక్షుల యాగ్రహమునకుఁ గారణమును.

కేప్‌టౌన్ బిషప్పు రాబర్టు గ్రే 1863లోఁ గొలెన్సోను బదభ్రష్టుని జేసెను. 1865లోఁ బ్రీవీ కౌన్సిలు ఆ తీర్పు చెల్లదనెను. గ్రే మతబహిష్కారము విధించెను; 1869లో మఱియొక బిషప్పు నియమింపఁబడఁగా నొక్క సీమకే యిరువురు బిషప్పులైరి.

ఈ వివాదమున వలసదొరలు పలువు రతని పక్షముననే యుండిరి. వారు విముఖులైనది మఱియొక కారణమున. 1873లో హ్లూబీ జాతినాయకుఁడు లంగలిబలేలే తుపాకుల నమోదు విషయమునఁ బ్రభుత్వాజ్ఞ మీఱెనని రాజద్రోహము మోపి, న్యాయవాది లేకుండ విచారించి, ద్వీపాంతరవాసము విధించిరి. కొలెన్సో సాక్షుల మాటల నొకదానితో నొకటి సరిచూచి, పంచకాండములకుఁ బట్టిన లెక్కనే ప్రభుత్వపు కాగితములకును బట్టెను. చిరమిత్రుఁడైన షెప్‌స్టన్‌తో మైత్రి తెగెను. 1874లో నింగ్లండునకుఁ బోయి మొఱపెట్టఁగా, గవర్నరు పైను వెనుకకుఁ బిలువఁబడెను. 1879లో జూలూ యుద్ధమును బీఠమునుండియే ఖండించెను.

1883 జూన్ 20వ తేదీనఁ గొలెన్సో మరణించెను. జూలూలు అతనిని సొబాంటు, అనఁగాఁ బ్రజల తండ్రి, యని పిలిచిరి. కుమార్తె హారియట్టు ఆ కాగితములను విడువక, దినుజులు రాజు పక్షమున వాదము సాగించెను.