యలహంక ప్రభువులు: మారిన ఇళ్లు, మారని ఇంటిపేరు

'ఇంటిపేరు' అనే మాటను మనం రోజూ వాడుతూనే ఉంటాము గాని, అందులోని 'ఇల్లు' ఏ ఇల్లో ఆలోచించము. తెలుగువారి ఇంటిపేర్లలో చాలా భాగం ఊరి పేర్లే. అయితే అది ఇప్పుడున్న ఊరి పేరు కాదు, వదిలివచ్చిన ఊరి పేరు. ఊరంతా ఒకే ఊరివారై ఉన్నచోట ఆ ఊరి పేరుతో ఒక కుటుంబాన్ని గుర్తించవలసిన పని లేదు. పొలిమేర దాటి మరొక ఊళ్లో కాపురం పెట్టిన తరువాతనే, 'ఫలానా ఊరివారు' అని పక్కింటివారు పిలవగా పిలవగా అది ఇంటిపేరుగా స్థిరపడుతుంది. కనుక ఇంటిపేరును ఇల్లు మారినదానికి సాక్ష్యంగా చెప్పవచ్చు. ఆంధ్రదేశానికి వెలుపల చదువుకుంటున్న మన విద్యార్థులకు ఈ విషయం వేరే చెప్పనక్కరలేదు. వారికి దగ్గరలోనే ఉన్న ఒక పాలకవంశపు కథలో దీనిని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1537లో బెంగుళూరు కోటను, పేటను నిర్మించిన కెంపెగౌడను 'యలహంక నాడప్రభువు' అంటారు. ఊరు కట్టింది బెంగుళూరులో, పేరు యలహంకది. ఆ యలహంక కూడా వారి మొదటి ఇల్లు కాదు. కెంపెగౌడ పూర్వులు రాకముందే ఆ నాడు ఉన్నది. చోళుల కాలపు తమిళ శాసనాలలో అది 'ఇలైప్పాక్క నాడు'గా కనిపిస్తుంది.

మరి వారు ఎక్కడివారు? లూయీ రైస్ తన మైసూరు గెజిటీరులో ఈ వంశపు ఐతిహ్యాన్ని పొందుపరచాడు. కంచి ప్రాంతం నుండి ఏడు కుటుంబాల మొరసు ఒక్కలు బండ్లు కట్టుకొని బయలుదేరి, నందిదుర్గానికి తూర్పున ఉన్న రామస్వామి బెట్ట దగ్గర మజిలీ చేశారట. వారి పెద్ద రణభైరేగౌడ. అతనికి దొడ్డమ్మ అనే కూతురు ఉన్నది. ఆమెను తనకు ఇమ్మని బలవంతుడైన ఒక పాలకుడు పట్టుబట్టగా, ఇవ్వడం ఇష్టంలేక రాత్రికి రాత్రే ఊరు విడిచారు. దారిలో పాలారు పొంగి ఉంటే ప్రార్థించారనీ, నది చీలి దారి ఇచ్చిందనీ చెప్తారు. ఆ మజిలీ నుండి వారు ఆవతికి చేరారు. అది నేటి దేవనహళ్లి తాలూకాలోని గ్రామం. తరువాతి తరాలవారు దేవనహళ్లి, చిక్కబళ్లాపురం, దొడ్డబళ్లాపురం పాలెగాండ్రయ్యారు. యలహంక శాఖకు మూలపురుషుడు జయగౌడ. కెంపెగౌడ అతని వంశీయుడే.

నది చీలిన సంగతిని చరిత్రగా స్వీకరించనక్కరలేదు. అయితే ఊరు విడవడానికి ఈ వంశం చెప్పుకొన్న కారణం గమనార్హం. కరవు కాదు, యుద్ధం కాదు, భూమి మీద ఆశ కూడా కాదు. ఇంటి ఆడపడుచు.

ఇక్కడ 'ఒక్కలు' అనే కన్నడ పదాన్ని కొంచెం ఆగి చూడవలసి ఉన్నది. కన్నడంలో 'ఒక్కలు' అంటే కాపురం, కుటుంబం, భూమిని సాగుచేసుకొనే కౌలుదారు కూడా. ఒక్కలిగులు ఆ మాట నుండి వచ్చినవారే. తమిళంలో దీనికి సోదర పదమైన 'ఒక్కల్' బంధుజనాన్ని సూచిస్తుంది. మన 'కాపు', 'కాపురం' అనే మాటలు పక్కపక్కన నిలిచినట్లే అక్కడ సేద్యమూ సంసారమూ ఒకే మాటలో ఇమిడి ఉన్నాయి. కర్ణాటక గ్రామాలలో ఇప్పటికీ గృహప్రవేశాన్ని 'మనె ఒక్కలు' అంటారు. ఉన్న ఇంటి నుండి వెళ్లగొట్టడం 'ఒక్కలెబ్బిసు'. చేరడానికీ చెదరడానికీ ఒకే పదం ఆధారమైంది. ఇక 'మనె' విషయానికి వస్తే, దానికీ మన 'మను', 'మనికి', 'మనుగడ' అనే మాటలకూ చుట్టరికం ఉన్నది. బ్రతకడమూ నివసించడమూ ద్రావిడ భాషలలో దూరపు అర్థాలు కావు.

యలహంక నుండి బెంగుళూరుకు దూరం ఇంచుమించు 15 కిలోమీటర్లు. నేటి లెక్కలో ఒక పేట నుండి మరొక పేటకు ఇల్లు మారినంత. కాని కెంపెగౌడ మార్చింది తన ఇల్లు ఒక్కటే కాదు. నాలుగు జతల తెల్లని ఎద్దులకు నాగళ్లు కట్టి నాలుగు దిక్కులకు తోలించి, ఆ చాళ్ల వెంబడి వీధులు వేయించాడని ప్రతీతి. అక్కిపేట, రాగిపేట, అరళెపేట, బళెపేట, కుంబారపేట, గాణిగరపేట అనే పేర్లు చూస్తే బియ్యం, రాగులు, దూది, గాజులు అమ్మేవారూ, కుమ్మరులూ, గానుగవారూ వీధివీధికి సంసారాలతో చేరి స్థిరపడ్డ తీరు బోధపడుతుంది. ఆ కుటుంబాలు ఏ ఊళ్లు విడిచి వచ్చాయో ఏ గెజిటీరూ వ్రాయలేదు. పాలకుల ఇల్లు మారితే అది రాజధాని మార్పు. కుమ్మరి ఇల్లు మారితే ఒక వీధి పేరు మిగులుతుంది, అంతే.

ఆ కొత్త ఊరికి పేరు ఎలా వచ్చింది? కొడిగెహళ్లి దగ్గర 'హళె బెంగళూరు' అనే పల్లె ఉండేదని, అది కెంపెగౌడ తల్లికీ భార్యకూ పుట్టినూరని, ఆ అభిమానంతోనే అతడు తన పట్టణానికి ఆ పేరు పెట్టాడని ఒక వాడుక ఉన్నది. బెంగుళూరు పేరు మాత్రం అతనికంటె చాలా పాతది. సుమారు 890 నాటి బేగూరు శాసనంలో బెంగుళూరు కదనం ప్రసక్తి ఉన్నది. అయినా ఈ వాడుకను మేము తేలికగా తీసివేయము. వంశం పేరు మగవారు విడిచిన యలహంకది, ఊరి పేరు ఆడవారు విడిచిన పుట్టింటిది. మెట్టినింటికి వచ్చిన స్త్రీ తన ఇంటిపేరును గడప బయటనే వదలవలసి వస్తుంది. కన్నడంలో 'తవరుమనె' అనే పుట్టిల్లు అధికార పత్రాలకు ఎక్కదు. ఇక్కడ ఒక్కసారి అది ఏకంగా నగరం పేరుగా ఎక్కిందని జనం నమ్మారు.

అదే జనం మరొక కథ కూడా చెప్పారు. కోట దక్షిణ ద్వారం ఎన్నిసార్లు నిలిపినా కూలిపోతుంటే నిండు గర్భిణిని బలి ఇవ్వాలన్నారట. కెంపెగౌడ కోడలు లక్ష్మమ్మ ఎవరికీ చెప్పకుండా రాత్రివేళ వెళ్లి తనను తానే బలి ఇచ్చుకొన్నది. ఆమెకు కోరమంగళలో గుడి ఉన్నది. ఇటువంటి కథ మనకు కొత్త కాదు. అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువుకట్ట కోసం ప్రాణమిచ్చిన ముసలమ్మ కథను కట్టమంచి రామలింగారెడ్డి కావ్యం చేశారు. కన్నడ జానపదంలో చెరువుకు బలి అయిన భాగీరథి కూడా కోడలే. కట్ట అయినా కోట అయినా బలికి కూతురిని అడగరు, కోడలిని అడుగుతారు. దొడ్డమ్మ కోసం ఊరు విడిచిన వంశమే, కొత్త ఊరి గుమ్మం కింద లక్ష్మమ్మను ఉంచి కథ చెప్పుకొన్నది. ఈ రెండు కథలనూ కలిపి చదవకుండా త్యాగం అని మెచ్చుకోవడం మాకు సమ్మతం కాదు.

తరువాతి మార్పులు త్వరగా జరిగాయి. 1638లో బీజాపూరు సేనాని రణదుల్లా ఖాన్ బెంగుళూరును పట్టుకొన్నాడు. అది షాహాజీ జాగీరు అయింది. కెంపెగౌడ వారసులు మాగడికి తరలిపోయారు. సావనదుర్గం వారికి అండగా నిలిచింది. 1728లో మైసూరు సైన్యం దానిని కూడా గెలుచుకొన్నది. వంశంలో చివరి ప్రభువు శ్రీరంగపట్నంలో బందీగా మరణించాడు. అప్పటికి యలహంక విడిచి దాదాపు రెండు వందల ఏళ్లు. పేరు మాత్రం యలహంకదే.

వారి ఇంటిభాష మాటేమిటి? ఈ వంశానికి చెందిన కెంపెగౌడ తెలుగులో 'గంగాగౌరీవిలాసము' అనే యక్షగానం రచించినట్లు ప్రసిద్ధి. మొరసునాడు కోలారు, బెంగుళూరు, హోసూరు ప్రాంతాలను కలుపుకొన్న సీమ. అక్కడ కన్నడ, తెలుగులు ఒకే కులంలో, ఒక్కోసారి ఒకే ఇంట్లో ఉంటాయి. వారిని తెలుగువారనాలా, కన్నడిగులనాలా అని వాదించేవారు ఉన్నారు. భాషాశాస్త్రం చదివినవారుగా మేము ఆ ప్రశ్ననే తప్పుగా భావిస్తున్నాము. అది నేటి రాష్ట్రాల ప్రశ్న, నాటి ఇళ్లది కాదు.

నేటి యలహంక ఉపనగరంలో హిందూపురం రైలు దిగి వచ్చిన కుటుంబాలు 'బాడుగ ఇల్లు' అంటాయి, కోస్తా జిల్లాలవారు 'అద్దె ఇల్లు' అంటారు. పక్కింటి కన్నడ 'బాడిగె' వినగానే మొదటివారికి సొంత మాట వినిపించినట్లుంటుంది. దేవనహళ్లిలో 2008లో మొదలైన విమానాశ్రయానికి 2013లో కెంపెగౌడ పేరు పెట్టారు. ఆ తాలూకాలోనిదే ఆవతి. ఏడు కుటుంబాల బండ్లు చివరికి ఆగింది అక్కడే.

ఈ సెలవులలో ఇంటికి వెళ్లే విద్యార్థులు ఇంటిపేరులోని ఊరు ఎక్కడున్నదో నాన్నను అడగవచ్చు. నాయనమ్మ పుట్టింటి ఊరు ఏదో, ఆమె ఆ ఊరి నుండి ఏ మాటలు తెచ్చిందో కూడా అడిగి వ్రాసుకొని రమ్మని కోరుతున్నాము.